మీ ల్యాబ్‌లో ఉన్న కాగితం మాకూ చూపించండి: ఫ్రోజెన్ బంగాళదుంప కంపెనీల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

మీలాంటి ఒక కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో నేను తొమ్మిదేళ్లు పనిచేశాను. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. నేను చెప్పబోయేది ఆ ఒక్క ఫ్యాక్టరీ సంగతి కాదు కాబట్టి పేరు అవసరం లేదు. ఉద్యోగం మానేసి చాలా రోజులైంది. అయినా మనసులోంచి పోని విషయాలు రెండు మూడు ఉన్నాయి. అవి మీకే చెప్పాలి, అందరూ వినేలా చెప్పాలి అనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

లోడు లారీ గేటు దాటగానే మా పని మొదలయ్యేది. లారీ పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి కొన్ని కొన్ని దుంపలు తీసి బుట్టల్లో తెచ్చేవాళ్లు. మట్టి కడిగి తూచేవాళ్లం. ముందు మామూలుగా ఒక తూకం, తర్వాత అదే బుట్టను నీళ్లలో ముంచి ఇంకో తూకం. ఆ రెండు అంకెలు చాలు, దుంపలో నీరెంత, పొడి పదార్థం ఎంత అనేది తేలిపోతుంది. బంగాళదుంపలో సుమారుగా ఐదింట నాలుగు వంతులు నీరే. ఫ్రైస్‌కి పనికి రావాలంటే పొడి పదార్థం 20 శాతానికి తగ్గకూడదు. తగ్గితే ముక్క నూనె ఎక్కువ పీలుస్తుంది, వేగిన కాసేపటికే మెత్తబడి వాలిపోతుంది. తూకం అయ్యాక దుంపల్ని నిలువుగా కోసి, మధ్యలో గుల్ల ఉందా, దెబ్బ తగిలి లోపల నల్లబడిందా, తొక్క కింద పచ్చదనం దిగిందా అని చూసేవాళ్లం. చివరికి ఒక్కో దుంప నుంచి ఒక్కో ముక్క తీసి, సుమారు మూడు నిమిషాలు వేయించి, రంగుల చార్టు పక్కన వరసగా పేర్చేవాళ్లం. లేత రంగు నుంచి ముదురు గోధుమ రంగు దాకా గడులుండే చార్టు అది. ఏ ముక్క ఏ గడికి సరిపోయిందో రాసుకుంటే, ఆ లోడు భవిష్యత్తు ఆ కాగితం మీద తేలిపోయేది.

ఆ కాగితం రైతుకి వెళ్లేది కాదు. ఆఫీసుకి వెళ్లేది. ఆఫీసు నుంచి రైతుకి ఒక చీటీ వెళ్లేది. దాని మీద లోడు బరువు, ధరలో కోత శాతం, చేతికొచ్చే డబ్బు, అంతే.

ఒక పెద్దాయన నాకు బాగా గుర్తు. పొద్దున్నే లోడు తెచ్చి, మధ్యాహ్నం దాకా గేటు దగ్గర కూర్చున్నాడు. చీటీలో కోత చూసుకుని నేరుగా ల్యాబ్ తలుపు దగ్గరికి వచ్చాడు. కోపంగా రాలేదు. "అమ్మా, నా దుంపలో తప్పేంటో ఒక్కసారి చూపించు, వచ్చే ఏడాది సరిచేసుకుంటాను" అన్నాడు. ఆయన లోడు నుంచి వేయించిన ముక్కలు నా వెనక బల్ల మీదే ఉన్నాయి. చాలా ముక్కలకి ఒక కొస మామూలుగా ఉండి, రెండో కొస మాత్రం ముదురు గోధుమ రంగుకి తిరిగింది. దాన్ని మేము షుగర్ ఎండ్ అంటాం. దుంప ఊరే రోజుల్లో ఎండ దెబ్బ తగిలినా, నీరు సమయానికి అందకపోయినా, కాడ వైపు కొసలో చక్కెర పేరుకుని ఇలా అవుతుంది. ఆ ముక్కలు ఒక్క నిమిషం ఆయన చేతిలో పెడితే, ఆ వారాల్లో తన పొలంలో ఏం జరిగిందో ఆయనకే గుర్తొచ్చేది. మోటారు పాడైందో, తడి ఆలస్యమైందో ఆయనకి తెలియకుండా ఉండదు.

నేనేమన్నానంటే, "రిపోర్టు ఆఫీసుకి వెళ్తుందండీ, మాకు చూపించే అధికారం లేదు" అన్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. తర్వాతి ఏడాది కూడా అదే లోపంతో లోడు వచ్చింది. మళ్లీ కోత పడింది.

నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. మీరు కొలిచినది, ఆ కొలతతో సంబంధం ఉన్న మనిషికి చెప్పండి. రైతుకి తన దుంప గురించి, తినేవాళ్లకి తమ ముక్క గురించి. కొత్తగా ఏ పరీక్షా చేయనక్కర్లేదు. ఇప్పటికే చేస్తున్నవి బయటికి చూపిస్తే చాలు.

ఇది మీవల్ల కానిపని అని ఎవరైనా అంటే నేను నమ్మను. మీ రంగం ఎంత ఓపికగా, ఎంత కచ్చితంగా ఎదిగిందో నేను దగ్గరనుంచి చూశాను, దాని చరిత్ర కూడా ఇష్టంగా చదువుకున్నాను. దుంపని గడ్డకట్టించి నిలవ చేయడం ఆండీస్ పర్వతాల మీద బతికిన జనాలకి ఎప్పుడో తెలుసు. రాత్రి మంచుకి దుంపల్ని ఆరుబయట పరిచి, గడ్డకట్టినవాటిని పగలు కాళ్లతో తొక్కి నీరు పోగొట్టి, ఏళ్ల తరబడి నిలవుండే చూన్యో తయారు చేసుకున్నారు. ఇప్పుడు మనం తినే ఫ్రైస్ దారి వేరు. అమెరికాలోని ఐడహోలో జె.ఆర్. సింప్లాట్ దగ్గర పనిచేసిన రసాయన శాస్త్రవేత్త రే డన్‌లప్ 1940లలో, వేయించిన దుంప ముక్కల్ని రుచి చెడకుండా గడ్డకట్టించే పద్ధతి కనిపెట్టాడు. 1957లో కెనడాలోని ఫ్లోరెన్స్‌విల్ అనే చిన్న ఊళ్లో మెకెయిన్ సోదరులు ఫ్యాక్టరీ పెట్టారు. ఇవాళ ప్రపంచమంతా తెలిసిన పేరు అది. 1960లో లాంబ్ వెస్టన్ కంపెనీకి చెందిన గిల్బర్ట్ లాంబ్, దుంపల్ని నీటి వేగంతో గొట్టంలోంచి కత్తుల జాలీ మీదికి తోసి కోసే యంత్రాన్ని తయారు చేశాడు. మీ ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ దుంపలు తెగేది ఆ పద్ధతిలోనే. ఒరిగాన్‌లో గ్రిగ్ సోదరులైతే, ఫ్రైస్ కోయగా మిగిలిన తునకలు వృథా పోతున్నాయని బాధపడి, వాటిని తురిమి, పిండి కలిపి, చిన్న ముద్దలుగా చేసి వేయించారు. 1953లో పుట్టిన టేటర్ టాట్స్ అవే. తునక పోతే బాధపడిన మనుషుల రంగం ఇది. అందుకే మీరంటే నాకు గౌరవం.

ఇవాళ మీ లైనులో కోసిన ప్రతి ముక్కా కెమెరా కింద నుంచి వెళ్తుంది. నల్ల మచ్చ ఉన్న ముక్క కనిపిస్తే, రెప్పపాటులో గాలి దెబ్బ కొట్టి దాన్ని పక్కకి తోసేస్తారు. అంటే ఒక్కొక్క ముక్క గురించీ మీకు తెలుసు. అంత తెలిసినవాళ్లు రైతుకి మూడు అంకెల చీటీ, తినేవాళ్లకి రెండు వాక్యాల సూచన ఇచ్చి ఊరుకోవడమే నాకు మింగుడుపడదు.

ఇక చక్కెర సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ప్యాకెట్ కొనేవాళ్లకి చాలామందికి ఇది తెలియదు, చెప్పాల్సింది మీరే.

దుంపని చల్లగా ఉంచితే మొలక రాదు, కుళ్లదు. కానీ మరీ చల్లగా, అంటే 6 డిగ్రీల కంటే తక్కువలో ఉంచితే, దుంపలోని పిండి పదార్థం కొంత గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా మారిపోతుంది. అందుకే ఫ్రైస్ దుంపల్ని సాధారణంగా 7 నుంచి 9 డిగ్రీల మధ్య నిలవ చేస్తారు. ఆ వెచ్చదనంలో మొలకల బెడద ఎక్కువ. మొలకల్ని ఆపడానికి దశాబ్దాలపాటు వాడిన క్లోర్‌ప్రోఫామ్ అనే మందుకి యూరప్‌లో 2019లో అనుమతి పొడిగించలేదు, 2020 అక్టోబర్ తర్వాత వాడకం పూర్తిగా ఆగింది. ఇప్పుడు అక్కడ ఎథిలీన్ వాయువు, పుదీనా జాతి నూనె, నారింజ నూనె లాంటివి వాడుతున్నారు. ఎలా చూసినా నిలవ గది నడపడం కత్తి మీద సాము. ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే ఒకవైపు మొలక, ఇంకోవైపు చక్కెర.

చక్కెర పెరిగితే నష్టం రంగుతో ఆగదు. దుంపలో సహజంగానే ఆస్పరజీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. 120 డిగ్రీలు దాటిన వేడిలో ఆ ఆస్పరజీన్, ఈ చక్కెరలు కలిసి ఆక్రిలమైడ్ అనే పదార్థం తయారవుతుంది. వేయించిన ముక్కకి బంగారు రంగు, ఆ కమ్మటి వాసన వచ్చేది కూడా అదే రసాయన చర్య వల్ల. క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ 1994లోనే ఆక్రిలమైడ్‌ని మనుషులకి బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో పెట్టింది. అప్పటికి అది పరిశ్రమల్లో వాడే రసాయనం అనే అనుకున్నారు. మనం తినే తిండిలోనే అది ఉందని 2002లో స్వీడన్ ఆహార శాఖ, స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి ప్రకటించారు. ప్రయోగశాలలో జంతువులకి హాని చేస్తుందని రుజువైంది. తిండి ద్వారా మనుషులకి ఎంత హాని అనే దానిమీద అధ్యయనాలు ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు. అయినా శరీర బరువుతో పోలిస్తే పిల్లల ఒంట్లోకే ఇది ఎక్కువగా చేరుతుందని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. 2018 ఏప్రిల్ నుంచి యూరప్‌లో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, తినడానికి సిద్ధమైన ఫ్రెంచ్ ఫ్రైస్‌లో కిలోకి 500 మైక్రోగ్రాములు అనేది గీటురాయి. అంతకు మించితే తయారీదారు తన పద్ధతుల్ని మళ్లీ చూసుకోవాలి.

నేను భయపెట్టడానికి ఇది రాయడం లేదు. దీన్ని తగ్గించడానికి మీరు పడే శ్రమ నాకు తెలుసు. చక్కెర తక్కువుండే దుంపలు ఎంచుకోవడం, కోసిన ముక్కల్ని వేడి నీళ్లలో నడిపి పైపై చక్కెరని కడిగేయడం, ఇవన్నీ రోజూ చేసేవే. ఆ తర్వాత అన్ని ముక్కలకీ ఒకే రంగు రావడానికి కొద్దిగా డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజే, పట్టిస్తారు. ఎంత పట్టించాలో కొలత ఉంటుంది కాబట్టి రంగు చేతిలో ఉంటుంది. ప్యాకెట్ వెనక ఆ పేరు చూసి "చక్కెర కలిపారు" అని జనం అనుమానపడతారు. అలాగే డైసోడియం డైఫాస్ఫేట్ అనో, దాని గుర్తుగా వేసే 450 అనే అంకో చూసి బెదిరిపోతారు. దుంపలోని ఇనుము క్లోరోజెనిక్ ఆమ్లంతో కలిసి, వేడి చల్లారాక ముక్కని బూడిద రంగుకి తిప్పుతుంది. ఆ ఇనుముని కట్టిపడేయడానికే ఆ ఫాస్ఫేట్. ఈ రెండు విషయాలు మామూలు మాటల్లో రాస్తే సగం అనుమానాలు పోతాయి కదా. ఎందుకు రాయరు?

అసలు బాధ ఎక్కడంటే, మీ ఫ్యాక్టరీలో ఎంత జాగ్రత్త పడినా చివరి వేయింపు మా చేతుల్లో ఉంటుంది. మీరు పంపేది సగం వేగిన ముక్క. దాన్ని పొయ్యి మీద రెండు నిమిషాలు ఎక్కువ ఉంచితే మీరు తగ్గించినదంతా తిరిగి వచ్చేస్తుంది. మరి మీ ప్యాకెట్ మీద ఉండే సూచన ఏమిటి? "కరకరలాడే వరకు వేయించండి." బొమ్మలో చూస్తే ముక్కలు ముదురు గోధుమ రంగులో నిగనిగలాడుతుంటాయి. పిల్లలకి వేయించే తల్లి ఆ బొమ్మనే చూస్తుంది, ఆ రంగు వచ్చేదాకా ఉంచుతుంది. యూరప్ నిబంధన వీలైతే నూనె 175 డిగ్రీలు దాటొద్దంటోంది, బంగారు పసుపు రంగు దగ్గర ఆపమంటోంది, కొద్ది ముక్కలు వేయిస్తే సమయం తగ్గించమంటోంది. ఇవి అక్కడివాళ్లకి మాత్రమే పనికొచ్చే మాటలు కావు. దుంప ఎక్కడైనా దుంపే, వేడి ఎక్కడైనా వేడే.

నా మనవి చిన్నది. మా ల్యాబ్‌లో వాడిన ఆ రంగుల చార్టులోంచి మూడు గడులు ప్యాకెట్ మీద అచ్చు వేయండి. ఇంకా వేగాలి, ఇక్కడ ఆపండి, ఇది మాడింది. చదువు రానివాళ్లకి కూడా అర్థమవుతుంది. బొమ్మలో ముక్కల రంగు కూడా ఆ మధ్య గడికి సరిపోయేలా మార్చండి.

ఇంకో విషయం ముక్క మీద పూత. వేగాక ఎక్కువసేపు కరకరలాడడానికి కొన్ని రకాల ఫ్రైస్‌కి కంటికి కనపడని పల్చటి పిండి పూత పూస్తారు. ఆ పూతలో దుంప పిండి ఉండొచ్చు, బియ్యప్పిండి ఉండొచ్చు, గోధుమ పిండీ ఉండొచ్చు. గోధుమ పడనివాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ఇంట్లోకి కొనే ప్యాకెట్ మీద గోధుమ అని రాస్తున్నారు, మంచిదే. కానీ మీ సరుకులో పెద్ద భాగం హోటళ్లకి, క్యాంటీన్లకి పెద్ద పెట్టెల్లో వెళ్తుంది. ఆ పెట్టె వంటగదిలో చించి పారేస్తారు. ప్లేటు ముందు కూర్చున్నవాళ్లు అది వట్టి దుంప అనుకునే తింటారు. పూత ఉన్న ముక్కకీ లేని ముక్కకీ చూపులో తేడా ఉండదు. వంటగదిలో గోడకి అంటించుకునేలా ఒక పెద్ద కాగితం ప్రతి పెట్టెలో పెట్టండి, "ఈ ఫ్రైస్‌లో గోధుమ ఉంది, అడిగినవాళ్లకి చెప్పండి" అని. మీకు ఆ ఖర్చు లెక్కలోకి కూడా రాదు.

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టిన విషయానికి వస్తాను.

ఫ్రోజెన్ ఆహారానికి కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ఉంది. ఫ్రెంచ్ ఫ్రైస్‌కి ప్రత్యేకంగా 1981లోనే రాసుకున్నారు. ముక్క నడిమధ్య కూడా మైనస్ 18 డిగ్రీలకి చేరాకే గడ్డకట్టడం పూర్తయినట్టు లెక్క. ఆ తర్వాత గిడ్డంగిలో, లారీలో, దుకాణంలో ఆ చలి తెగకూడదు. వేగంగా గడ్డకట్టిస్తే ముక్కలోపల మంచు రవ్వలు చిన్నవిగా ఉంటాయి, దుంప కణాలు చెదరవు. మధ్యలో వేడి తగిలి మళ్లీ గడ్డకడితే ఆ చిన్న రవ్వలు కలిసి పెద్దవై కణాల గోడల్ని చీల్చేస్తాయి. పైకి వచ్చిన తేమ ముక్కల్ని ఒకదానికొకటి అతికించేస్తుంది. ప్యాకెట్ నొక్కి చూస్తే ముక్కలు గలగలలాడకుండా రాయిలా ఒకే ముద్దగా తగిలితే జరిగింది ఇదే. దాన్ని నూనెలో వేస్తే చిటపటలాడి మీదికి చిమ్ముతుంది, బయట మాడి లోపల నీళ్లోడుతుంది.

నేను పనిచేసిన చోటికి ఒకసారి ఇలాంటి ఫిర్యాదు వచ్చింది. ఒకావిడ ప్యాకెట్ ఫొటో పంపింది, ముద్దలా అతుక్కుపోయిన ముక్కలు. నూనె చిమ్మి చెయ్యి కాలిందని రాసింది. ఆ బ్యాచి ఏ లారీలో వెళ్లిందో చూశాం. లారీలో చలిని రాసే యంత్రం ఉంటుంది, దాని గీత తీశాం. ఒక రాత్రి కొన్ని గంటలపాటు ఆ గీత మైనస్ 18 నుంచి మైనస్ 5 దాకా ఎగబాకి మళ్లీ కిందికి దిగింది. ఆ కాగితం నా చేతిలోనే ఉంది. కానీ ఆవిడకి పంపిన జవాబులో ఏముందంటే, "మా ఉత్పత్తి అన్ని ప్రమాణాలకూ లోబడి ఉంది, దయచేసి మీ ఫ్రీజర్ ఉష్ణోగ్రత సరిచూసుకోండి" అని. ఆ జవాబు టైపు చేసింది నేనే. పైనుంచి వచ్చిన నమూనా అది, నేను పేరు మార్చి పంపాను. ఆవిడ తన ఫ్రీజర్‌దే తప్పనుకుని ఉంటుంది, బహుశా రిపేరు కూడా చేయించుకుని ఉంటుంది. నేను ఆ ఉద్యోగం మానేయడానికి ఇదొక్కటే కారణం కాదు గానీ, ఇది లేకపోతే ఈ లేఖ రాసేదాన్ని కాదు.

ఆవిడ ఎవరో నాకిప్పుడు గుర్తులేదు. ఆమెకి క్షమాపణ చెప్పుకోవాలి, ఇక్కడ చెబుతున్నాను.

వేడి తగిలితే రంగు మారి మళ్లీ వెనక్కి రాని చిన్న స్టిక్కర్లు ఉన్నాయి. మందులకీ టీకాలకీ ఏళ్ల తరబడి వాడుతున్నారు. ప్రతి ప్యాకెట్‌కీ కష్టమంటే, కనీసం పెట్టెకొకటి అంటించండి. దుకాణదారు పెట్టె దించుకునేటప్పుడే చూసుకుంటాడు, రంగు మారితే వెనక్కి పంపుతాడు. లారీ తప్పు లారీ దగ్గరే తేలుతుంది. అది కూడా వద్దంటే, ఫిర్యాదు చేసిన మనిషికి ఆ బ్యాచి ప్రయాణపు గీతని పంపండి. అది మీ దగ్గర ఎలాగూ ఉంటుంది.

దుంప జాతి పేరు, పంట తీసిన నెల ప్యాకెట్ మీద వేయమని కూడా అడుగుతున్నాను. మీకు జాతి ఎంత ముఖ్యమో నాకు తెలుసు. పొడవుగా పెరిగే రస్సెట్ బర్బాంక్ లేకపోతే ఉత్తర అమెరికాలో ఈ పరిశ్రమ ఇలా ఉండేది కాదు. నెదర్లాండ్స్‌లో ఒక బడిపంతులు దుంప జాతులు తయారు చేసి, ఒకదానికి తన శిష్యురాలి పేరు బింట్యే అని పెట్టాడు. ఆ పేరు వందేళ్లు దాటినా బతికే ఉంది. పెరూ రాజధాని లీమాలో 1971 నుంచి పనిచేస్తున్న అంతర్జాతీయ బంగాళదుంప కేంద్రం వేల జాతుల్ని కాపాడుతోంది. ఇంత వైవిధ్యం ఉన్న పంట మీ ప్యాకెట్‌లోకి వచ్చేసరికి ఒట్టి "బంగాళదుంపలు" అయిపోతోంది. పేరు వేస్తే తినేవాళ్లకి రుచి తేడా తెలుస్తుంది, పండించినవాళ్లకి తమ పంట గుర్తింపు దక్కుతుంది. పంట నెల తెలిస్తే అది తాజాగా వచ్చిందో, నిలవ గదిలో ఎనిమిది నెలలు ఉండి వచ్చిందో అర్థమవుతుంది. నిలవున్న దుంప చెడ్డదని నేననడం లేదు, బాగా నిలవ చేసిన దుంప చక్కగా వేగుతుంది. తెలిసి కొనుక్కుంటారు, అంతే.

మీరు చెప్పబోయే అభ్యంతరాలు నాకు తెలుసు, మీటింగుల్లో విన్నవే. రైతుకి ల్యాబ్ కాగితం ఇస్తే ప్రతి లోడుకీ గొడవపడతాడని మా మేనేజర్ ఒకాయన అనేవాడు. నేను తొమ్మిదేళ్లు గేటు దగ్గర చూసిన గొడవలన్నీ కాగితం చూపించకపోవడం వల్ల వచ్చినవే. చార్టు పక్కన తన ముక్క పెట్టి చూపిస్తే ఏ రైతూ రంగుతో వాదించడు. ఎప్పుడైనా వాదిస్తే, ఆ రోజు మన నమూనా తీయడంలోనే తప్పు జరిగి ఉండొచ్చు, అదీ తెలుసుకోవాల్సిందే. లారీ పైపైనే దుంపలు తీసి పరీక్ష చేసిన రోజులూ ఉన్నాయి. పని ఒత్తిడిలో అలా జరిగింది. రైతు పక్కన నిలబడి ఉంటే జరిగేది కాదు.

వ్యాపార రహస్యాలు బయటపడతాయన్నది రెండో మాట. పూత కలిపే పాళ్లు, వేడి నీళ్లలో ఎన్ని నిమిషాలు నడపాలి, ఎంత వేగంతో గడ్డకట్టించాలి, ఇవి మీ రహస్యాలు, ఎవరూ అడగడం లేదు. తన పొలంలో పండిన దుంపలో చక్కెర ఎంతో రైతుకి చెబితే మీ రహస్యం ఏం పోతుంది? ఆ దుంప రహస్యం మొదట ఆయనది.

పెద్ద కంపెనీలు తక్కువ, రైతులు ఎక్కువ ఉన్న రంగం ఇది. కొనేవాళ్లు కొద్దిమందే అయినప్పుడు మీ మాటే చెల్లుతుంది, ఆ బరువు ఎవరి మీద పడుతుందో మీకు తెలుసు. 2020లో హోటళ్లు మూతపడ్డప్పుడు ఒక్క బెల్జియంలోనే సుమారు 7,50,000 టన్నుల దుంపలు కొనేవాళ్లు లేక గిడ్డంగుల్లో ఉండిపోయాయి. వారానికి రెండుసార్లు ఫ్రైస్ తినమని అక్కడి వ్యాపార సంఘం జనాన్ని బతిమాలుకుంది. ఫ్యాక్టరీలో యంత్రం ఆపితే ఆగుతుంది, భూమిలో ఊరుతున్న దుంప ఆగదు. ఆర్డర్లు తగ్గబోతున్నాయని మీ లెక్కల్లో కనిపించిన రోజే రైతుకి ఒక ఫోను చేస్తే, కనీసం తర్వాతి పంటకి విత్తనం తగ్గించుకుంటాడు. ఇది కూడా ఆ కాగితం లాంటిదే. మీకు ముందే తెలుస్తుంది, ఆయనకి ఆఖరున తెలుస్తుంది.

అన్నీ ఒకేసారి చేయమని అడగను. వచ్చే పంటకాలం మొదటి లోడు మీ గేటు దాటిన రోజు, ఆ రైతుని ల్యాబ్‌లోకి పిలిచి ఒక కుర్చీ వేయండి. బుట్ట నీళ్లలో మునిగేటప్పుడు ముల్లు ఎక్కడ ఆగిందో ఆయన్ని చూడనివ్వండి. మూడు నిమిషాలయ్యాక ముక్కలు తీసి చార్టు పక్కన ఆయన చేతే పెట్టించండి. ఆ కాగితం నకలు ఒకటి ఆయన జేబులో పెట్టి పంపండి. ఆ చార్టు చదవడం ఎలాగో రైతులకి నేర్పడానికి మనిషి కావాలంటే నేను వస్తాను, జీతం అక్కర్లేదు.

ఇట్లు,
ఒకప్పుడు మీలాంటి ఒక ల్యాబ్‌లో రోజూ దుంపలు వేయించిన ఉద్యోగిని